పద్దెనిమిది వేపపుల్లలు

నా మోకాళ్ళకు పట్టించడానికి మా ఆవిడ సాయంత్రం పూట ఆముదం వెచ్చచేస్తుంది. ఇనుప గరిటెలో నూనె వేడెక్కి, ఆ బరువైన వాసన వంటింట్లోంచి వసారాలోకి రాగానే నేను చదువుతున్న పుస్తకం మూసి వీధిలోకి వెళ్ళిపోతాను. మొదట్లో ఆవిడ నవ్వేది. "నొప్పి నీది, నూనె నీకు, పారిపోయేదీ నువ్వేనా?" అనేది. ఇప్పుడు అడగడం మానేసింది. గరిటె పక్కన పెట్టి, నేను తిరిగొచ్చేదాకా కూర్చుంటుంది. ఆముదం వాసన చాలామందికి పసిబిడ్డ మాడును గుర్తుచేస్తుందంటారు. నాకు మాత్రం జమ్మలమడుగు అవతల ఒక చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, రేకుల షెడ్డు గుర్తొస్తుంది. అందులో నలభై ఏళ్ళుగా కదలని ఒక ఎర్ర కారు, దాని ముందు కళ్ళు మూసుకుని తన వేలికొన వాసన చూసుకుంటున్న ఖాదర్ మామ గుర్తొస్తారు.

ఖాదర్ మామ ప్రొద్దుటూరులో మెకానిక్. మైదుకూరు రోడ్డులో ఆయన షెడ్డు, దాని పక్కనే నేను పనిచేసే లేత్ షాపు. నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. కానీ చదువు మానలేదు. షాపు మూసిన రోజుల్లో, పని లేని మధ్యాహ్నాల్లో శాఖా గ్రంథాలయమే నా ఇల్లు. యంత్రాల గురించి, లోహాల గురించి, నూనెల గురించి తెలుగులో దొరికినవన్నీ చదివేశాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. ముప్పై దాటిన మనిషిని, అయినా కొత్త సంగతి ఏది తెలిసినా ఎవరికో ఒకరికి చెప్పేదాకా నాకు అన్నం సయించేది కాదు. ఆ 'ఎవరో ఒకరు' ఎప్పుడూ ఖాదర్ మామే. ఆ రోజుల్లో నన్ను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. "ఏం లైబ్రరీ, ఈ పొద్దు ఎన్ని పుటలు మేసినావు?" అనేవారు. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి, చక్కెర జబ్బుతో చూపు మందగించింది. కంప్యూటర్ పెట్టి చూసే కొత్త కార్లు ఆయన షెడ్డు ముందు ఆగేవి కావు. పాత జీపులు, పాత అంబాసిడర్లు మాత్రం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవి.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం ఒక బుష్షు. ఒక జీపు స్టీరింగు కడ్డీకి తొడిగే లోహపు గొట్టం, బుష్షు, కావాలని పురమాయించారు. నేను ఆ జీపు పుస్తకం ఎక్కడో సంపాదించి, అందులో ఉన్న కొలతకు వెంట్రుకవాసి తేడా లేకుండా తిప్పి ఇచ్చాను. ఆయన దాన్ని కడ్డీకి తొడిగి, చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. అది గలగలమంది.

"కొలత కరెక్టు మామా. బుక్కులో ఉండేదే" అన్నాను.

"బుక్కులో ఉండే కడ్డీ కొత్తది. ఈ కడ్డీ ఇరవై ఏండ్లు అరిగింది. నువ్వు యాడ కొల్సినావు, దీన్నా, దాన్నా?"

నాకు కోపం వచ్చింది. ఆ సాయంత్రం కడ్డీనే కొలిచి మళ్ళీ తిప్పాను. తొడిగాక చప్పుడు లేదు. మామ తన టీలో సగం నాకు పోశారు. ఆ పాఠం నాకు ఇనుము వరకే అర్థమైంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి పనికిరాలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఒక దసరా తర్వాత, పులివెందుల నుంచి సులోచనమ్మగారు ఖాదర్ మామ షెడ్డుకు వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. వాళ్ళ నాన్నగారికి జమ్మలమడుగు నుంచి మైలవరం వెళ్ళే దారిలో చీనీతోట ఉండేది. వయసులో ఉండగా ఆయన మద్రాసులో మనసుపడి ఒక విదేశీ స్పోర్ట్స్ కారు కొన్నారట. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, నేలకు జానెడెత్తున పరుగెత్తే బండి. దాన్ని చూసుకునేది యువకుడైన ఖాదర్ మామ. నాలుగేళ్ళు తిరిగిందో లేదో ఆయనకు పక్షవాతం వచ్చింది. బండిని కడప బండల మీదికెత్తి, చక్రాలు గాల్లో ఉంచి, షెడ్డులో పెట్టి తాళం వేసింది ఖాదర్ మామే. ఆ రోజు మంచం మీదున్న మనిషి చెయ్యి పట్టుకుని, "ఎప్పుడు చెప్తే అప్పుడు ఈ బండిని రోడ్డెక్కిస్తానన్నా. ఇది నా మాట" అన్నారట. ఆ మనిషి లేవలేదు. ఆరేళ్ళు మంచంలోనే ఉండి కన్నుమూశారు.

"ఉగాదికి తోట చేతులు మారతాంది మామా. బండి ఇంజను చచ్చిపోయింది, హోటలోళ్ళకు అమ్మేద్దామంటాండాడు తమ్ముడు. వాకిట్లో బొమ్మ మాదిరి నిలబెట్టుకుంటారంట. నేను ఒప్పుకోలేదు. అది దానంతట అది తోట గేటు దాటితే నీకే, దాటకపోతే వాళ్ళకు అన్నాడు" అన్నారు సులోచనమ్మ. కాసేపు ఆగి, "నాన్నకు మాటిచ్చినావంట కదా. నేను చిన్నపిల్లను, వాకిలి పక్కన నిలబడి విన్నా" అన్నారు.

ఖాదర్ మామ చేతిలో గుడ్డ చాలాసేపు తుడిచిన చోటే తుడిచింది. "ఇచ్చినానమ్మా" అన్నారు.

మర్నాడు మేమిద్దరం బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, ఆటోలో తోటకు పోయాం. గేటు దగ్గర గంగన్న ఎదురొచ్చాడు. గొర్రెలు మేపే ఇంటి మనిషి. కుర్రతనం నుంచి ఆ తోటకు కాపలా. షెడ్డు తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఉండేవాడు. స్నానానికి కూడా విప్పడని సులోచనమ్మ ముందే చెప్పారు. తలుపు తీసి, గోనెపట్టాలు ఒక్కొక్కటే తొలగించాడు, నిద్రపోతున్న బిడ్డ మీద దుప్పటి తీసినట్టు. ఎర్ర రంగు మాసిపోయింది కానీ రేకు ఎక్కడా పొక్కలేదు. ముందుభాగం మీద పసుపు, కుంకుమ నలభై దసరాల మందాన పేరుకుపోయి ఉన్నాయి. గాల్లో తేలుతున్న చక్రాల కింద కూడా ఎండిన నిమ్మకాయలు.

"వచ్చినావా ఖాదరన్నా? రేపొస్తానని పోయిన మనిషివి" అన్నాడు గంగన్న.

"దారి తప్పినా గంగన్నా."

"శానా దూరమే తప్పినావు. నా పండ్లు ఊడిపాయ."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత గంగన్న తన కాపలా ఎలాంటిదో చూపించడం మొదలుపెట్టాడు. ఆ ప్రాంతంలో కందిరీగలు ఏ సన్నని బొక్క కనిపించినా మట్టిగూడు కట్టేస్తాయి. అందుకని బండిలో తెరిచి ఉన్న ప్రతి గొట్టానికీ, ప్రతి రంధ్రానికీ గంగన్న వేపపుల్ల చెక్కి, గుడ్డ చుట్టి బిగించాడు. "ఈడొకటి, ఈడొకటి" అని రెండు మూడు లాగి చూపించాడు. "మీరు పని చేసుకుంటా రాండి. ఏ బొక్క కాడికొస్తే ఆ బొక్క పుల్ల నేను తీస్తా. అన్నీ నా తలకాయిలో ఉండాయి." చివరగా ఇంజను మీద చెయ్యి వేసి, అన్నిటికంటే గర్వంగా చెప్పాడు. "ఏడాదికోసారి ఈ నాలుగు బొక్కల్లో రోంత నూనె పొయ్యమని చెప్పిపోయినావు కదా, నువ్విచ్చిన డబ్బా రెండేండ్లకే అయిపాయ. ఆ పైన అంతా మా ఇంట్లో వండిన ఆముదమే. బండి ఇరుసుకు మా నాయన అదే పూసేది. ఒక్క దసరా తప్పలేదన్నా. జొరమొచ్చినా వచ్చి పోసినా."

ఖాదర్ మామ ప్లగ్గు విప్పి రంధ్రంలోకి వేలు పెట్టారు. తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నాకు అప్పటికే అర్థమైంది. ఆముదం గాలి తగిలి ఏళ్ళు గడిస్తే లక్కలా బిగుసుకుంటుందని నేను చదివాను. నాలుగు సిలిండర్లూ లోపల అతుక్కుపోయి ఉంటాయి. నోరు తెరవబోయాను. మామ కళ్ళు తెరిచి నావైపు చూసిన చూపుకు ఆగిపోయాను.

"శానా బాగా చూసుకున్నావు గంగన్నా" అన్నారు ఆయన.

తిరుగు బస్సులో నేను ఇక ఆగలేకపోయాను. "మామా, ఆ నూనె..."

"తెలుసులే."

"అది బంక కడుతుంది. నేను సదివినా."

"నువ్వు సదివినావు, నేను ముట్టుకున్నా." కిటికీ బయట చూస్తూ అన్నారు. "పొయ్యమన్నది నేను. డబ్బా అయిపోతే ఏం చెయ్యల్లో చెప్పకుండా పోయింది నేను. ఈ నలభై ఏండ్లలో జమ్మలమడుక్కు నూరుసార్లు వచ్చింటా. ఒక్కతూరి ఆ తోటలోకి తొంగి చూసింటే సరిపోయేది. మంచంలో ఉండే ఆ మనిషి మొగం చూడలేక రాలేదు. ఆయన పోయినాక, సిగ్గుతో రాలేదు. తప్పు నాది. గంగన్నకు మాత్రం ఈ సంగతి తెలియగూడదు. ఒక మనిషి నలభై ఏండ్లు చేసిన పనిని మనం ఒక మాటతో తీసెయ్యగూడదు."

నేను తలూపాను.

కార్తీకం నుంచి శుక్రవారాలు కాక మిగతా రోజుల్లో వీలైనప్పుడల్లా పోయేవాళ్ళం. చక్రాలు, బ్రేకులు, పెట్రోలు ట్యాంకు ఒక్కొక్కటే దారికి వచ్చాయి. ప్రతిచోటా గంగన్న వచ్చి గొంతుకూర్చుని, తన పుల్ల తాను లాగి, పక్కనున్న బిస్కెట్ డబ్బాలో వేసేవాడు. ఇంజను మాత్రం ఇంచు కదల్లేదు. డీజిల్ పోసి రెండు వారాలు నానబెట్టాం. హ్యాండిల్ పెట్టి, మామ చెప్పినట్టు ఇద్దరం ఒక్కో చేత్తో మాత్రమే, ముందుకో నెట్టు, వెనక్కో నెట్టు. బలం పెంచనిచ్చేవారు కాదు. "బలిమి చేస్తే విరుగుతాది. రోజూ అంతే అడగల్ల, రోజూ అడగల్ల. దానికే ఇసుగొచ్చి వదుల్తాది" అనేవారు. ఇంజను ముందున్న పుల్లీ చక్రం మీద సుద్దగీత గీసి ఉంచారు. గీత గీసిన చోటే ఉండేది.

అప్పుడు నా గ్రంథాలయం పనికొచ్చింది. ఒక పాత రసాయన శాస్త్ర పుస్తకంలో, ఆముదం మిగతా నూనెల్లాంటిది కాదని, డీజిల్‌లో, కిరసనాయిల్లో సరిగా కలవదని, స్పిరిట్‌లో కలుస్తుందని చదివాను. వడ్రంగులు పాలిష్‌కు వాడే స్పిరిట్ తెచ్చి పోశాం. తొమ్మిదో రోజు ఉదయం సుద్దగీత గోరంత జరిగింది. మామ కూర్చున్నచోటి నుంచి లేచి నా వీపు చరిచారు. "గెల్చింది లైబ్రరీ! నేను సచ్చేదాకా డీజిలే పోస్తా ఉండేవాణ్ణి!" అన్నారు. నా జీవితంలో అంతకంటే పెద్ద సన్మానం లేదు. ఆ మాటకు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

మామ నమాజుకు తోట బావి దగ్గరికి వెళ్ళారు. గంగన్న మజ్జిగ చెంబుతో వచ్చాడు. "ఏం పోసినారప్పా, సారాయి వాసనొస్తాంది? బండికి తాపుతాండారా?" అని నవ్వాడు.

"స్పిరిట్ గంగన్నా. లోపల పట్టుకున్న బంకను కరిగించేదానికి."

"బంకా? ఇంజన్లో బంక యాడిది?"

ఆగి ఉండవచ్చు. కానీ తెలిసిన సంగతి నోటిచివర ఉంది, వినే మనిషి ఎదురుగా ఉన్నాడు. ఆముదం గాలికి ఎలా మారుతుందో, పిస్టను ఎలా అతుక్కుంటుందో పాఠం చెప్పినట్టు, సుద్దముక్కతో బండ మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. అతను బొమ్మ మీదికి వంగి శ్రద్ధగా విన్నాడు.

"అంటే, నేను పోసిందే?"

"అవును. ఏమీ పోయకుండా వదిలేసినా ఇంతకంటే సులువుగా తెరుచుకునేది."

గంగన్న చెంబు కింద పెట్టాడు. "నలభై దసరాలు" అన్నాడు. నాతో కాదు, బండితో. తర్వాత మొలతాడు ముడి విప్పడానికి ప్రయత్నించాడు. ముడి బిగుసుకుపోయి ఉంది. చివరికి కొడవలితో తెంపి, తాళంచెవి ఆ సుద్దబొమ్మ మీద పెట్టి వెళ్ళిపోయాడు. మామ తిరిగొచ్చేసరికి మజ్జిగ చెంబు అక్కడే ఉంది. "గంగన్న ఏడి?" అంటే గొర్రెల దగ్గర పనుందట అన్నాను.

నాలుగు రోజులకు ఇంజను పైభాగం విప్పాం. నల్లటి బంకను మామ చెక్కముక్కతో గీకి, గుడ్డతో తుడిచారు. కింద సిలిండరు గోడ మెరిసింది. టార్చి వేసి చూశాను. ఒక్క తుప్పు చుక్క లేదు. నలభై ఏళ్ళు గాలికీ తేమకూ నిలబడ్డ ఇనుములా లేదు. అందులో నా మొహం కనపడింది.

"చూడు. ఏమీ పొయ్యకపోయింటే తుప్పు తినేసేది. ఆయప్ప ఆముదమే పట్టేసింది, ఆయప్ప ఆముదమే కాపాడింది" అన్నారు మామ. ఆ తర్వాత, "గంగన్న నాలుగు దినాల్నుంచి రాలేదేంది?"

నిజం చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గుడ్డ మడిచి పక్కన పెట్టారు.

"సగం పుట సదివి ఆయప్పకు సదివినిపించినావు. మిగతా సగం ఇదో, ఈడుంది. పోయి చెప్పి పిల్చుకరా. ఇంకా ఎన్ని పుల్లలు లోపలుండాయో ఆయప్పకు తప్ప ఎవరికీ తెలియదు."

గంగన్న ఇల్లు తోటకు మైలు దూరం. నడిచిపోయాను. వీధి మొదట్లోంచే కనపడ్డాడు. గొర్రెల దొడ్డి పక్కన మంచం మీద కూర్చుని, ఏ పనీ లేని చేతుల్ని మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. యాభై అడుగులు నడిస్తే చాలు. ఆ యాభై అడుగులు నేను నడవలేదు. బండి స్టార్టయిన రోజు వచ్చి, ఆ చప్పుడు వినిపించి, అప్పుడు చెబితే గొప్పగా ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అతని మొహం చూడటానికి భయం. తిరిగొచ్చి మామతో, "ఒళ్ళు బాగలేదంట. పుల్లలు మొత్తం పద్దెనిమిదే అన్నాడు" అన్నాను. అప్పటికి డబ్బాలో పదిహేను ఉన్నాయి. మరో మూడు కనపడుతూనే ఉన్నాయి. అందుకే ఆ అంకె నోట్లోకి వచ్చింది.

మామ నమ్మారు. నన్ను నమ్మకపోవడానికి అప్పటిదాకా ఆయనకు కారణం లేదు.

ఇంజనులో నూనె పారే దారులన్నీ శుభ్రం చేసే పని నాది. మామకు ఆ సన్నని దారులు కనపడేవి కావు. ఒకవైపు గాలి కొట్టి, రెండోవైపు వేలు పెట్టి చూశాను. గాలి తగిలింది. పుస్తకంలో అంతే ఉంది. తీగ దూర్చి చూడమని మామ చెప్పే మనిషి, కానీ పద్దెనిమిదీ లెక్కకు వచ్చేశాయి కదా.

ఉగాదికి ముందురోజు సులోచనమ్మ పులివెందుల నుంచి వచ్చారు. మామ ఆ రోజు ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నారు. బండిని బండల మీది నుంచి దించి, టైర్లు నేల మీద ఆనించినప్పుడే ఆమె కళ్ళు తుడుచుకున్నారు. మూడోసారికి ఇంజను అందుకుంది. ఆ చప్పుడు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. గొంతు సవరించుకుని పాట మొదలుపెట్టినట్టు, మొదట తడబడి, తర్వాత నాలుగు సిలిండర్లూ ఒకే శ్రుతిలోకి వచ్చాయి. చీనీ చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. మామ ఇంజను మీద అరచెయ్యి పెట్టి, పైకి చూసి, "విన్నావా అన్నా?" అన్నారు. మాట ఇచ్చిన మనిషితో మాట్లాడుతున్నారు.

పది నిమిషాలు వేడెక్కనిచ్చారు. నూనె చూపించే ముల్లు నిటారుగా ఉంది. మామ స్టీరింగు దగ్గర కూర్చున్నారు.

"నువ్వు తోలు మామా. నాన్న సీటు నీదే" అని సులోచనమ్మ పక్కన కూర్చున్నారు. చిన్నపిల్లలా తలుపు అంచు గట్టిగా పట్టుకున్నారు. షెడ్డు నుంచి గేటుకు నూటయాభై గజాల మట్టిదారి. బండి కదిలింది. నేను పక్కనే పరుగెత్తాను. సగం దాటింది. గేటు స్తంభాలు కనపడుతున్నాయి. అప్పుడు లోపల్నుంచి సుత్తితో కొట్టినట్టు ఒక దెబ్బ. మామ ఆపేలోపే ఇంకో రెండు. ఆ తర్వాత ఇనుము చీలిన చప్పుడు. బండి కింద నల్లటి నూనె మట్టిలోకి ఇంకింది. గేటుకు ఇరవై అడుగులు ఉంది.

సులోచనమ్మ చాలాసేపు దిగలేదు. చివరికి, "దెబ్బలేం తగల్లేదు కదా మామా?" అని ఆయన్నే అడిగారు.

"నా చెయ్యి తప్పిందమ్మా. ఇంజను మంచిదే. నా చెయ్యి, నా కన్ను తప్పినాయి" అన్నారు ఖాదర్ మామ.

హోటలువాళ్ళకు ఇంజను అక్కర్లేదన్నారు. పగిలిన ఆ ముద్దను ప్రొద్దుటూరు షెడ్డుకు తెచ్చుకున్నాం. మామ ఒక్కరే విప్పారు. నన్ను పిలిచి అరచెయ్యి చాపారు. అందులో అంగుళం పొడవున్న వేపపుల్ల ముక్క, ఒకవైపు నల్లగా కాలి ఉంది. నూనె దారి మలుపులో అడ్డం పడి, లోపలికి నూనె అందనివ్వక ఇంజనును పగలగొట్టిందట. గాలికి పక్కకు తప్పుకునేంత సన్నం, నూనె తోసుకుపోయి ఇరికించేంత లావు.

"ఆయప్ప దగ్గరికి పోదాం" అన్నారు.

గంగన్న అప్పటికి మంచం పట్టాడు. కళ్ళలో పొర. మామ అతని మంచం మీదే కూర్చుని, బండి లేచిందని, ఆ చప్పుడుకు పిట్టలు లేచిపోయాయని చెప్పారు. గేటు సంగతి చెప్పలేదు. తర్వాత నావైపు తిరిగి, చెప్పమన్నట్టు చూశారు. నేను చెప్పాను. నీ ఆముదం వల్లే లోపల తుప్పు పట్టలేదు, గోడలు అద్దంలా ఉన్నాయి అని.

గంగన్న పెదాలు కొంచెం సాగాయి. "మొన్న ఒకటి చెప్తివి, ఈ పొద్దు ఇంకోటి చెప్తాండావు. బుక్కు మారిందా అప్పా?"

అతనే అడిగాడు. "పుల్లలన్నీ తీసినారా? పంతొమ్మిది."

పక్కన మామ తలెత్తి నన్ను చూశారు. ఆయనకు నేను చెప్పిన అంకె పద్దెనిమిది.

"తీసినాం గంగన్నా. పంతొమ్మిదీ" అన్నాను.

"ఆముదం సంగతి చెప్పిన దినం నా కండ్లల్లోకి సూసి చెప్పినావప్పా" అన్నాడు గంగన్న. "ఈ పొద్దు నీ గొంతు నేల మీదినుంచి వస్తాంది." అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బస్సెక్కాక, కండక్టరు వచ్చినప్పుడు, "రమణా, రెండు ప్రొద్దుటూరు తీస్కో" అన్నారు. ఆయన నోట నా పేరు వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను లైబ్రరీ అని పిలవలేదు. కోపంగా ఉన్నది లేదు, టీలో సగం పోయడం మానలేదు. కానీ నేను పుస్తకంలో చదివింది చెబితే, "అట్లనా?" అని వినేవారు, అంతే. ఎక్కడ అరిగిందో చూసుకోమని మళ్ళీ అనలేదు.

గంగన్న ఆ ఎండాకాలం దాటలేదు. ఖాదర్ మామ ఇంకో ఏడాదిన్నర ఉన్నారు. షెడ్డు ముందే మూసేశారు. ఎవరైనా పాత జీపు తెస్తే, "నా మాట పనికిరాదప్పా, వేరేవాళ్ళను చూసుకో" అనేవారట. ఈ సంగతి నాకు వాళ్ళ అబ్బాయి చెప్పాడు. తప్పు ఎవరిదో ఆయన ఇంట్లో కూడా చెప్పలేదని ఆ మాటతోనే తెలిసింది. ఒకసారి పెళ్ళికి పోతూ దారిలో ఒక హోటలు ముందు ఆ కారు చూశాను. కొత్తగా రంగు వేసి, చుట్టూ గొలుసు కట్టారు. జనం పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ముందు రేకు ఎత్తిచూస్తే లోపల పూలకుండీ ఉంది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాకు ఆ బండి గురించి తెలిసినంత అక్కడ ఎవరికీ తెలియదు, అయినా చెప్పాలనిపించలేదు. నాలో మారింది అదొక్కటే అనుకుంటాను.

పుస్తకాలు ఇంకా చదువుతాను. ఎవరైనా పాత యంత్రం తెస్తే, ముట్టుకునే ముందు, ఇన్నాళ్ళూ దీన్ని చూసుకున్నది ఎవరని అడుగుతాను. వాళ్ళు బతికుంటే పోయి కూర్చుంటాను. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా నోరు తెరవను. నలుగురూ దాన్ని నా ఓపిక అంటారు.

బిస్కెట్ డబ్బా నా బల్ల సొరుగులో ఉంది. కాలిన ముక్క అందులో లేదు. దాన్ని ఖాదర్ మామ చొక్కా జేబులో వేసుకోవడం చూశాను, ఆ తర్వాత ఏమైందో తెలియదు. సాయంత్రాలు ఆముదం వాసన చల్లారాక ఇంట్లోకి వస్తాను. మా ఆవిడ నా మోకాలికి నూనె రాస్తూ ఉంటే నేను మనసులో లెక్కపెట్టుకుంటూ ఉంటాను. ఏ గొట్టంలోది ఏ పుల్లో, ఏది గంగన్న తీసిందో, ఏది నేను తీసిందో. పద్దెనిమిది దగ్గర ఆగిపోతాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను.